బరంపురం తక్కెడలో స్కాట్లండ్ బిళ్ళ

మా బంధువుల్లో యాత్రలు చేయనివాళ్ళం మేమిద్దరమే మిగిలాం, నేనూ మా ఆయనా. మిగతావాళ్ళంతా ఏదో ఒక విమానం ఎక్కి, ఏదో ఒక మంచుకొండ ముందు ఊదారంగు కోటు వేసుకుని ఫోటో దిగి వచ్చారు. ఆ కోటు ఒకటే, ఇల్లిల్లూ తిరుగుతోందని నా అనుమానం. మాకు బరంపురంలో మసాలా దినుసుల కొట్టుంది. ఎక్కడికైనా వెళ్దామంటే "కొట్టు ఎవరు చూస్తారు?" అంటారు మా ఆయన. పెళ్ళైన కొత్తలో అదే మాట, ఇప్పుడూ అదే మాట.

అందుకని నా యాత్ర ఎక్కడికో చెబితే నవ్వకండి. గోపాల్‌పూర్, అక్కణ్ణుంచి హుమ్మ దగ్గర గవ్వలపేట. మూడు రోజులు. మా ఇంటి నుంచి తిన్నగా వెళ్తే బస్సులో గంటన్నర దారి. ఆ మూడు రోజుల పుణ్యమా అని మా ఆయన ఇప్పటికీ నాతో సూటిగా మాట్లాడటం లేదు. కాఫీ కావాలంటే గోడవైపు తిరిగి "ఈ ఇంట్లో కాఫీ దొరుకుతుందా?" అంటున్నారు. గోడ ఇంతవరకు ఇవ్వలేదు.

ముందుగా స్కాట్లండ్ స్థలపురాణం

దీనికంతటికీ మూలం మా బావ. అంటే మా అక్క భర్త. విశాఖపట్నంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైన ఇంజనీర్లు రెండు రకాలు: అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షులయ్యేవాళ్ళు, చరిత్ర పరిశోధన మొదలుపెట్టేవాళ్ళు. మా అక్క దురదృష్టం, ఈయన రెండూ చేశాడు.

కిందటేడు స్కాట్లండ్ వెళ్ళొచ్చి, ఫోన్ నిండా ఫోటోలతో మా ఇంట్లో దిగాడు. దేశంలో ఇంకేమీ లేనట్టు, సగం ఫోటోలు ఏదో పల్లెటూళ్ళో ఒక పాత రాతి చాపెల్‌వే, అంటే గదంత చర్చి. ముందు నుంచి, వెనక నుంచి, వానలో, వాన ఆగాక, మళ్ళీ వానలో.

"దీని చరిత్ర వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది మరదలా," అన్నాడు.

విన్నాను. ఎవరో సాధువు సముద్రం మీద చిన్న పడవలో వచ్చాడట. గుట్ట మీద తపస్సు చేశాడట. ఆయన పోయాక అక్కడ ఈ రాతిగది కట్టారట. ఆ తర్వాత ఎవరో తగలబెట్టారట, ఇంకెవరో మళ్ళీ కట్టారట. ఇంతవరకు మన ఏ కొండమీది దేవుడి పుస్తకం తెరిచినా ఉండేదే. ఆ పైన మతంలో పెద్ద గొడవ వచ్చి బొమ్మలు తీసేశారు, దీపాలు ఆర్పేశారు, వాయిద్యాలు బయట పెట్టించారు. ఏడాదికోసారి అందరూ బల్ల దగ్గర కూర్చుని, ఒకే రొట్టెని చేతి నుంచి చేతికి అందించుకుని తినడమే పెద్ద పండగట. అందరూ అంటే అందరూ కాదు. ఊరి పెద్దలు ముందే ఇంటింటికీ వెళ్ళి, నడత బాగుందనుకున్నవాళ్ళకి ఒక సీసం బిళ్ళ ఇచ్చేవారు. బిళ్ళ ఉంటే లోపల, లేకపోతే బయట. తర్వాత ఊళ్ళో పెద్ద చర్చి కట్టుకున్నారు, ఈ గదిని గొర్రెలకి వదిలేశారు. ఇప్పుడు ఎవరో నలుగురు ముసలమ్మలు జామ్ సీసాలు అమ్మి దాని పైకప్పు బాగుచేయిస్తున్నారు. బావ రెండు సీసాలు కొన్నాడు. ఒకటి మాకిచ్చాడు. మా నిమ్మకాయ ఊరగాయ పక్కన పెట్టాను, భయపడినట్టు కనిపించింది.

"ఇదిగో అసలు సంగతి," అని మరో ఫోటో చూపించాడు. గోడలో చిన్న రాయి. ఆ ఊరివాడెవడో మన గంజాంలో ఉప్పు కొఠారు దొరగా పనిచేసి ఇక్కడే పోయాడని ఇంగ్లీషులో రాసుంది. తర్వాత ఫోటో, ఒక గాజుపెట్టె. లోపల మఖమల్ గుడ్డ మీద వరసగా సీసం బిళ్ళలు. ఒక్క గుంట ఖాళీ.

అప్పటిదాకా కుర్చీలో కునుకు తీస్తున్న మా ఆయన ఒక్కసారిగా లేచారు. "అరే, అది మన బిళ్ళే!"

మా కొట్టులో దేవుడి అలమరలో సరిగ్గా అలాంటి బిళ్ళే ఉంది. నలుపలకలది, మూలలు అరిగినది, మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు. మా ఆయన తాతగారి కాలం నుంచి ఏలకులూ జాపత్రీ తూచడానికి అదే తులం రాయి. ఇప్పుడు కరెంటు కాటా వచ్చింది కాబట్టి బిళ్ళకి పదోన్నతి దొరికింది: ప్రతి దీపావళికీ ఎప్పట్లాగే చింతపండుతో తళతళా తోమించుకుని, లక్ష్మీదేవి పక్కన కూర్చుని పసుపూ కుంకుమా అందుకుంటుంది. అది ఎలా వచ్చిందంటే మా ఇంట్లో ఒకే మాట. తాతగారు హుమ్మ సంతలో చింతపండు కొని వస్తుంటే లక్ష్మి ఆయన వెంట వచ్చింది. దారి తెలుసుకుని, బండెక్కి, తనంతట తనే వచ్చిందన్నమాట.

బావ ఆ నిమిషంలోనే తేల్చేశాడు. ఆ దొర ఇక్కడెక్కడో తన ఊరి చాపెల్ లాంటిదే కట్టి ఉంటాడు, బిళ్ళలు కూడా తెచ్చి ఉంటాడు. అది వెతకాలి. బిళ్ళని స్కాట్లండ్ తీసుకెళ్ళి ఆ ఖాళీ గుంటలో పెట్టాలి. జామ్ ముసలమ్మలకి అప్పటికప్పుడు ఉత్తరం కూడా పంపేశాడు.

మా అక్కకి మోకాళ్ళు నొప్పులు. మా ఆయనకి కొట్టు. బిళ్ళని బావ చేతికివ్వడానికి మా ఆయనకి నమ్మకం చాలలేదు. అందుకని కాపలాగా నన్ను పంపారు.

"పోలిక సూసి పట్టుకొచ్చేయ్. అంతే. స్కాట్లండూ లేదు, గీట్లండూ లేదు," అన్నారు బయలుదేరేటప్పుడు. తోడల్లుడు వినేలాగే అన్నారు.

శుక్రవారం, గోపాల్‌పూర్

దొరలు కట్టారంటే సముద్రం పక్కనే కట్టి ఉంటారని బావ వాదన. కాబట్టి తిన్నగా గోపాల్‌పూర్. రోజంతా ఆయన కూలిన గోడ కనిపిస్తే చాలు టేపు తీసి కొలిచాడు. ఒక గోడ యజమాని లోపల్నుంచి వచ్చి, మున్సిపాలిటీ వాళ్ళనుకుని టీ కూడా పోయించాడు. నిజం చెప్పాక గ్లాసులు త్వరగా తీసుకుపోయాడు.

మధ్యాహ్నం భోజనం ఒక హోటల్లో. చద్దన్నం, కాల్చిన వంకాయ పచ్చడి, బడి చూరా, అంటే వేయించి నలిపిన వడియాలు. దాని పేరు పఖాళ థాలీ, ధర రెండువందల ఇరవై. మా అత్తగారు ఉన్నన్నాళ్ళు ఇదే అన్నాన్ని వంటింట్లో తలుపేసుకుని తినేవాళ్ళం, ఎవరైనా చూస్తే పరువు పోతుందని. ఇప్పుడు మట్టిమూకుట్లో పెట్టేసరికి ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు.

సాయంత్రం బీచి దారిలో జీడిపప్పు అమ్మే ఆవిడ దగ్గర ఆగాను. పప్పు మా కొట్టులో ఉన్నదానికంటే నాసి, ధర ఎక్కువ. ఆ సంగతి ఆవిడకి వివరంగా చెప్పి, అయినా పావుకిలో కొన్నాను. పేరు గౌరమ్మ. డబ్బులు తీస్తుంటే నా పర్సులోంచి బిళ్ళ ఆవిడ పప్పుల మీద పడింది.

ఆవిడ తీసి ఇవ్వలేదు. ముందు తన చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత తీసింది. కళ్ళకద్దుకుంది.

"ఇది మీకెక్కడిదమ్మా? ఇది మా ఊరి బిళ్ళ."

బావ ఎగిరి గంతేశాడు. ఆ ఊరు గవ్వలపేట. హుమ్మ దాటి ఉప్పుమళ్ళ పక్కన. గౌరమ్మ పుట్టిల్లు. అక్కడ దొరగుడి ఉంది, ఇంటికో బిళ్ళ ఉంది. ఏటా ఉప్పు తీత మొదలెట్టే ముందు ఆదివారం నాడు ఊరంతా గుళ్ళో కూర్చుని రొట్టె పంచుకుంటారు.

"ఎల్లుండే ఆదోరం. నానూ ఎల్తన్నాను. మా అమ్మోరింట్లో బిళ్ళుంది గదా," అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. "బిళ్ళ ఊరు దాటదమ్మా. దాటిందంటే ఒక్కింటిదే దాటింది. మా నీలమ్మ పిన్నిది. మా తాతల్నాడు ఎవుడో అట్టుకుపోనాడంట. బిళ్ళ లేనోళ్ళు లోనికి రాకూడదు. పిన్ని అత్త బతికినన్నాళ్ళు గుమ్మం బయటే నిల్సుంది. పోయింది. ఇప్పుడు పిన్ని నిల్సుంటంది. డెబ్బైయేళ్ళదాయె, ఎండలో అలాగే. మీకెలా వొచ్చిందమ్మా ఇది?"

లక్ష్మి వెంట వచ్చిందని చెబుదామనుకున్నాను.

"ఇంట్లో ఉండేదిలే," అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు. మా ఇంట్లో అబద్ధాలెప్పుడూ పూర్తిగా ఆడం.

శనివారం పొద్దున్న, హుమ్మ దారి

బస్సులో బావ కిటికీ పక్కన కూర్చుని, స్కాట్లండ్ గాజుపెట్టె కింద రాయబోయే మాటలు నాకు చదివి వినిపించాడు. మొత్తం ఆరు వాక్యాలు. అందులో తన పేరు నాలుగుసార్లు వచ్చింది.

"బావా, ఆ ముసలావిడ సంగతి?"

"పాపమే మరి. కానీ ఆలోచించు, చరిత్ర అనేది ఒక ముసలమ్మకంటే పెద్దది."

చరిత్రకి ఎండలో కాళ్ళు నొప్పెడతాయా అని అడిగాను. బావ ఫోన్ చూసుకున్నాడు.

హుమ్మలో దిగి టీ తాగాం. పది రూపాయలు, బొటనవేలంత కప్పు. అక్కణ్ణుంచి ఆటో. ఆటో అతను ఒడియా. అరవై అంటే బావ ఇంగ్లీషులో బేరమాడి ఎనభైకి ఒప్పించాడు. రెండువైపులా ఉప్పుమళ్ళు, ఇంకా కుప్పలు లేవు, నీళ్ళు పెట్టి ఉన్నాయి. మనుషులు గట్లు సరిచేస్తున్నారు.

అప్పుడే మా ఆయన ఫోన్. బావ నోరు ఊరుకోదుగా, నిన్న రాత్రే అంతా చెప్పేశాడట.

"ఏటే, ఏటో బిళ్ళిచ్చేస్తావని బెంగెట్టుకున్నాను. అది కొట్టు లక్ష్మి. తాత సేతిది. ఇచ్చినావంటే మరి సూడు..."

"ఏమండీ, సిగ్నల్ లేదు," అన్నాను. సిగ్నల్ భేషుగ్గా ఉంది.

శనివారం, గవ్వలపేట

దొరగుడి చూశాక నాకు నవ్వొచ్చింది. ఇంత హడావిడీ దీని కోసమా! మా గోదాములో సగం ఉంటుంది. రాతిగోడలు, పెంకులు, వంగితే గానీ పట్టని తలుపు, తూర్పున ఒక్క కిటికీ. బావ మాత్రం టేపు పట్టుకుని నాలుగుసార్లు తిరిగి, చివరికి చతికిలబడ్డాడు. అక్కడి చాపెల్ కొలతలే, అంగుళం తేడా లేదట. పాపం ఆ దొరకి తన ఊరు ఎంత గుర్తొచ్చిందో! ఆ మాట మాత్రం వెటకారానికి అనడం లేదు.

లోపల ఏమీ లేదు. బొమ్మ లేదు, దీపం లేదు, పువ్వు లేదు. మధ్యలో పొడుగాటి బల్ల, రెండువైపులా అరుగులు.

గుడి చూసుకునేది అప్పన్న అనే ముసలాయన. ఊళ్ళో ఒక్క క్రైస్తవ కుటుంబం కూడా లేదు. అందరూ మనలాగే పోలేరమ్మకి మొక్కేవాళ్ళు, ముగ్గులేసేవాళ్ళు. కానీ ఈ గుడి పద్ధతులు వేరు.

"ఇక్కడ డప్పు కొట్టకూడదు తల్లీ. కర్పూరం ఎలిగించకూడదు. దొరకి సప్పుడు పడదు. ఆదోరం నాడు మళ్ళోకి పార దింపం," అన్నాడు.

"ఎందుకని?"

"ఏలంటే ఏటి సెప్తాం? మా తాతలు దింపలేదు."

బరంపురం అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, జరిగే నెల్లాళ్ళు మా వీధిలో మైకుల కింద కాపురం చేసినదాన్ని. డప్పు లేని గుడి ఉందంటే, ఇంకాస్త ముందే తెలిస్తే ఇల్లు ఇక్కడే కట్టుకునేవాళ్ళం అనిపించింది.

దొర గురించి అప్పన్నకి తెలిసింది కొంచెమే. మంచోడు, కోపిష్టి. తన దేశం నుంచి పెట్టెలో బిళ్ళలు తెచ్చి ఇంటికొకటి ఇచ్చాడు. ఉప్పు పండించేవాళ్ళు చిటికెడు ఉప్పు ఇంటికి తీసుకెళ్ళినా కొరడా తీసేవాడు. ఆదివారం మాత్రం వాళ్ళ పక్కనే కూర్చుని అదే రొట్టె తినేవాడు. జ్వరమొచ్చి పోయాడు. పోయాక కూడా వీళ్ళు కూర్చోవడం మానలేదు. మానమని చెప్పడానికి ఎవరూ రాలేదు మరి.

"ఆ రొట్టె ఎలా ఉంటుంది?" అన్నాను.

అప్పన్న రెండు చెవులూ పట్టుకున్నాడు. "లోపల రుసి బయట సెప్పకూడదు తల్లీ. ఇంట్లో పెళ్ళాం అడిగినా సెప్పకూడదు."

నీలమ్మ ఇల్లు చివర్న ఉంది. సన్నగా, నిటారుగా, గట్టి మనిషి. మేము బరంపురం నుంచి గుడి చూడ్డానికి వచ్చామంటే చాలు, పీట వేసి చద్దన్నం పెట్టింది. కాల్చిన వంకాయ, పచ్చిమిరపకాయ. రెండువందల ఇరవై అడగలేదు. నేను తింటున్నాను, బిళ్ళ నా ఒళ్ళో పర్సులో ఉంది.

ఎలా అడగాలో తెలియక, "రేపు నువ్వూ వెళ్తావా గుడికి?" అన్నాను.

"ఎల్తాను. బయట నిల్సుంటాను." మామూలుగా చెప్పింది, బియ్యం ధర చెప్పినట్టు. "మా మావకి నాన్న, ఆయన సేసిన పని. హుమ్మ సంతలో సింతపండు అమ్ముతుంటే బరంపురం సెట్టొకడు కొన్నాడంట. తూసే కాడ సిన్న రాయి కనబళ్ళేదంట. మా తాత మొలతాట్లో బిళ్ళ సూసి, 'ఇదియ్యి, తూసి ఇచ్చేస్తాను' అన్నాడంట. ఆ సందడ్లో సంచిలో ఏసుకుని ఎల్లిపోనాడు. ఎనకాల పరిగెడితే, 'పై సంతకి తెస్తాన్లే' అన్నాడంట బండి మీంచి. పై సంతకి రాలేదు. ఆ పై సంతకీ రాలేదు."

తాతగారు ఆ తర్వాత హుమ్మ సంత మానేసి గిరిసోల వైపు కొనడం మొదలుపెట్టారని మా ఇంట్లో అందరికీ తెలుసు. అటువైపు చింతపండు బాగుంటుందని అనుకునేవాళ్ళం.

"మా అత్త సంత సంతకీ ఎల్లేది. సెట్లని సూసొచ్చేది. ముసిల్దైపోయినా ఎల్లేది," అంది నీలమ్మ. తర్వాత నా విస్తట్లోకి మరో ముద్ద వేస్తూ అడిగింది. "మీదీ బరంపురమే గదా అమ్మా. ఆ సెట్టి ఇంటోళ్ళు ఎవులైనా ఎరుగుదురా?"

నేను పచ్చిమిరపకాయ కొరికాను.

"బరంపురంలో శెట్లకేం కొదవమ్మా, చాలామంది ఉన్నారు," అన్నాడు బావ గబగబా.

సిగ్గేసింది. ఆ సిగ్గు ఎలాంటిదంటే, ఎంగిలి చెయ్యి కడుక్కోవాలన్న సంగతి కూడా మర్చిపోయి, ఎడమచేత్తో పర్సు తెరిచి బిళ్ళ తీసి ఆవిడ చేతిలో పెట్టేశాను.

"ఎరుగుదును. ఆయన మా ఆయనకి తాత," అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏదీ చేయలేదు. బిళ్ళని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"పసుపు వాసనొస్తంది."

"దీపావళికి పూజ చేస్తాం."

"దీనికా?" అంది ఆశ్చర్యంగా. "మేం సెయ్యం. ఊరికే దాసుకుంటాం."

బయటికొచ్చాక బావ నన్ను ఉతికి ఆరేశాడు. స్కాట్లండ్‌లో గాజుపెట్టె, మఖమల్ గుడ్డ, దీపాలు, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చేవాళ్ళు చూసి... "ఇక్కడేముంది? డాల్డా డబ్బాలో పెట్టుకుంటుంది!"

"పెట్టుకోనీ బావా. డబ్బా వాళ్ళది, బిళ్ళా వాళ్ళదే."

ఆదివారం, దొరగుడి

ఇచ్చేస్తే అయిపోతుందనుకున్నాను. అంత సులువుగా అయిపోతే మన ఊళ్ళెందుకవుతాయి!

పొద్దున్న ఎనిమిదింటికి ఊరంతా గుడి ముందు చేరింది. గౌరమ్మ కూడా వచ్చింది, నావైపు చూసి తల తిప్పుకుంది. ఆడవాళ్ళు ఉతికిన చీరలు, మగవాళ్ళు తలపాగాలు తీసి చంకలో పెట్టుకుని. ఒక్క మాట లేదు, ఒక్క దగ్గు లేదు. నీలమ్మ బిళ్ళ పట్టుకుని వరసలో నిలబడింది. అప్పన్న దాన్ని చూశాడు, తిప్పి చూశాడు, చిన్న తక్కెడ తెప్పించాడు. ఒక పళ్ళెంలో తన ఇంటి బిళ్ళ, ఇంకో పళ్ళెంలో మాది. మాది పైకి లేచింది.

వరసలో గుసగుసలు మొదలయ్యాయి. "మనది కాదు ఇది." "సెట్టోళ్ళు కొత్తది పోత పోయించినారు." "అసలుది దాసుకుని ఇది పంపినారు."

నీలమ్మ మొహం చూడలేకపోయాను.

"తేలిగ్గుందేటి తల్లీ?" అన్నాడు అప్పన్న నాతో. "అన్నీ ఒక్క తూకమే ఉండాల."

నిజం నాకు తెలుసు. చెప్పడానికి తాతగారి ఫోటో అడ్డొచ్చింది. మా కొట్టులో దండ వేసి ఉంటుంది, కింద 'న్యాయమైన తూకం' అని రాసి ఉంటుంది.

"తోమి తోమి అరిగిపోయింది," అన్నాను. "ఏటా చింతపండుతో తోముతాం. నా చేత్తోనే ముప్పైయేళ్ళు తోమాను. అరిగాక కూడా దాన్నే తులం అని తూచాం. ఏలకులు కొన్నవాళ్ళందరికీ తక్కువే ఇచ్చాం." ఆ చివరి మాట ఎవరూ అడగలేదు. నోరు ఒకసారి తెరిస్తే ఎక్కడ ఆపాలో తెలియదు నాకు.

బావ తల పట్టుకున్నాడు.

అప్పన్న తక్కెడ కింద పెట్టాడు. "అంటే అరగదీసింది మీ ఇల్లే."

"మా ఇల్లే."

"ఆ మాట గుమ్మం కాడికొచ్చి సెప్పమ్మా. మీ తాత తీసుకెల్లిందీ, తేనిదీ, అన్నీ. ముందే లోపల కూకున్న పెద్దోళ్ళకి ఇనబడాల. మీరు సెప్తేనే నీలమ్మింటి తప్పు పోతాది."

చెప్పాను. ఆ పొట్టి తలుపు ముందు వంగి నిలబడి, తాతగారి పేరు, మా ఇంటిపేరు, మా కొట్టు ఏ వీధిలో ఉందో కూడా చెప్పి, బిళ్ళ మా వెంట రాలేదని, మేమే పట్టుకుపోయామని, తిరిగి తేలేదని గట్టిగా చెప్పాను. ఈ ముక్క చదివినందుకే మా ఆయన గోడతో మాట్లాడుతున్నారు. చివరిదాకా చదివితే కదా.

అప్పన్న బిళ్ళ నీలమ్మ చేతికిచ్చాడు. నీలమ్మ దాన్ని గుమ్మం దగ్గర గిన్నెలో వేసింది. టంగుమని చిన్న చప్పుడు. తల వంచి లోపలికెళ్ళింది.

నేనూ వెనకే ఒక అడుగు వేశాను, అలవాటు ప్రకారం. మా ఊళ్ళో ఏ గుళ్ళోకెళ్ళినా శెట్లకి ముందు దారి ఇస్తారు.

"మీకు బిళ్ళేదీ?" అన్నాడు అప్పన్న మర్యాదగానే.

తలుపు మూశారు.

గుమ్మానికి ఎడంవైపు ఒక చదును రాయి ఉంది. మధ్యలో రెండు పాదాలు పట్టేంత అరుగుదల. చూరు నీడ కొద్దిగా దాని మీదే పడుతోంది. ఇంకెక్కడా నిలబడే చోటు లేక అక్కడే నిలబడ్డాను. కాసేపటికి ఆ నీడ కూడా జరిగిపోయింది. లోపల చప్పుడు లేదు. పాట లేదు, మంత్రం లేదు. బావ ఫోటో తీశాడు, నేను గొడుగు వేసుకుని మూసిన తలుపుకేసి చూస్తున్నది. ఆయన యాత్రలన్నిటిలో మనిషి ఉన్న ఫోటో అదొక్కటే అనుకుంటాను.

గంట దాటాక తలుపు తీశారు. అందరూ వచ్చారు, మాట్లాడకుండా ఇళ్ళకెళ్ళారు. చివర్న నీలమ్మ వచ్చింది. నన్ను ఆ రాయి మీద చూసి ఆగిపోయింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఎలా ఉంది నీలమ్మా?" అన్నాను. చెప్పకూడదని తెలిసీ అడిగాను.

అటూ ఇటూ చూసింది. దగ్గరికొచ్చి నా చెవిలో చెప్పింది.

"సప్పగుందమ్మా. ఉప్పెయ్యలేదు."

ఉప్పుమళ్ళ మధ్య ఊరు. ఉప్పు లేని రొట్టె. నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆవిడా నవ్వింది, పళ్ళు లేని నోటితో. నవ్వుతూ నవ్వుతూనే నా చెయ్యి పట్టుకుంది, పట్టు వదల్లేదు.

"మా అత్త పోయే ముందర అడిగింది. అదెలాగుంటాదే నీలీ, నీకెవులైనా సెప్పినారా అని. నాకేటి తెలుసు? తియ్యగుంటాదత్తా అన్నాను. బెల్లమేస్తారంట అన్నాను."